విరగడం కంటే జారడం మేలు

ప్రతి ఆదివారం ఒక టాపిక్ తీసుకుని ఎస్సే రాయడం మనకు అలవాటు కదా. ఈ వారం టాపిక్ నేనే పెట్టుకున్నాను: "గట్టిదనమూ బలమూ ఒకటేనా?" మూడు రోజులు నోట్సు తిరగేశాను. గాలికి వంగే గడ్డిపరక, విరిగే మర్రిచెట్టు, వెదురు బొంగు... అందరూ రాసేవే వచ్చాయి. పేపరు దిద్దే ఆయన ఆ రోజు అప్పటికే యాభై వెదురు బొంగులు చూసి ఉంటారు. అందుకని నోట్సు మూసేసి, నా చేత్తో నేను విరగ్గొట్టిన ఒక వస్తువు గురించి రాస్తున్నాను. దాన్ని ఎస్సేలోకి ఎలా తేవచ్చో చివర్లో చెబుతాను. మధ్యలో, మీకు ఇన్నాళ్ళూ చెప్పని ఒక నిజం కూడా ఉంది.

షెడ్డులో మిషన్

మా పెదనాన్న రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. విజయవాడలో వాళ్ళ ఇంటి పెరట్లో ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో బల్ల మీద ఒక చిన్న మిల్లింగ్ మిషన్. కాలేజీ వర్క్‌షాప్‌లో మనిషెత్తు మిల్లింగ్ మిషన్ చూసిన మెకానికల్ వాళ్ళకి ఇది బొమ్మలా కనిపిస్తుంది. ఇద్దరు పట్టుకుంటే బల్ల మీదికి ఎత్తేయొచ్చు. మోటారు 350 వాట్లు, అంటే మన వంటింటి మిక్సీ కంటే కూడా తక్కువే. ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. దానితో ఇత్తడీ స్టీలూ ముక్కలు చెక్కుతూ నాలుగేళ్ళుగా ఒక ఆవిరి ఇంజను నమూనా చేస్తున్నారు. సిలిండరు అయింది, పిస్టన్ అయింది, ఇంకా చక్రాలు కావాలి.

మెకానికల్ కాని వాళ్ళ కోసం రెండు ముక్కలు. లేత్‌లో వస్తువు తిరుగుతుంది, కత్తి నిలబడి ఉంటుంది. మిల్లింగ్‌లో కత్తి తిరుగుతుంది, టేబుల్ మీద బిగించిన వస్తువు దాని కిందికి కదులుతుంది. కత్తిని పట్టుకుని తిరిగే ఇరుసుని స్పిండిల్ అంటారు. మోటారు శక్తి స్పిండిల్‌కి ఎలా చేరుతుందన్నదే ఈ కథంతా. ఈ మిషన్‌లో అది తలకాయ లోపల ఉన్న గేర్ల ద్వారా చేరుతుంది. ఆ గేర్లు ప్లాస్టిక్‌వి. వెనకాల ఒక లివరు తిప్పితే ఎక్కువ స్పీడు, తక్కువ స్పీడు అని రెండు వరసలు మారతాయి. ఆన్ చేస్తే ఆ గేర్ల చప్పుడు పక్కింటి దాకా వినిపించేది. అందుకే పెదనాన్న రాత్రి ఏడు దాటితే మిషన్ ముట్టుకునేవారు కాదు. నేను ప్రిపరేషన్‌కి అక్కడే ఉంటున్నప్పుడైతే నా కోసం పగలు కూడా ఆపేసేవారు. "నీ చదువు అయ్యాక చేసుకుంటాలేరా, ఇంజను ఎక్కడికీ పోదు" అనేవారు.

నేను విరగ్గొట్టిన రోజు

ప్రిలిమ్స్ రిజల్ట్ వచ్చిన వారం అది. నా నంబరు లేదు. మూడోసారి. హైదరాబాద్‌లో రూమ్ ఖాళీ చేసి పెదనాన్న ఇంటికి వచ్చేశాను. పుస్తకం తెరవబుద్ధి కాలేదు. ఒక మధ్యాహ్నం పెదనాన్న, పెద్దమ్మ పెళ్ళికి వెళ్ళారు. ఆయనకి సాయం చేసినట్టుంటుందని షెడ్డులోకి వెళ్ళి, సగం చెక్కిన ఒక స్టీలు ముక్కలో గాడి పూర్తి చేద్దామనుకున్నాను. బీటెక్ మెకానికల్, డిస్టింక్షన్. ఇదెంత పని?

మిల్లింగ్‌లో ఒక మొదటి పాఠం ఉంది. కత్తి పళ్ళు కదిలే దిశకి ఎదురుగా వస్తువుని తోస్తే, కత్తి దాన్ని వెనక్కి నెడుతుంది. ఆ బరువు మన చేతికి తెలుస్తుంది. పళ్ళతో పాటు అదే దిశలో తోస్తే, కత్తే వస్తువుని తనలోకి లాక్కుంటుంది. చిన్న మిషన్లలో టేబుల్‌ని నడిపే స్క్రూకీ నట్టుకీ మధ్య కొంచెం ఆట ఉంటుంది. ఆ ఆట ఉన్నంత మేరా టేబుల్ ఒక్కసారి ముందుకి దూకుతుంది. కత్తి కొరకగలిగిన దానికంటే ఎక్కువ లోహం దాని నోట్లోకి వచ్చి పడుతుంది. ఇది నేను పరీక్షలో రాసిన పాఠమే, మార్కులు కూడా వచ్చాయి. ఆ రోజు త్వరగా అయిపోవాలని తప్పు దిశలో తోశాను, అదీ లోతుగా.

టక్ మని ఒక చప్పుడు. కత్తి స్టీలులో ఇరుక్కుని ఆగిపోయింది. మోటారు మాత్రం పైన గిర్రున తిరుగుతూనే ఉంది. రెండింటి మధ్యా ఏదో తెగిపోయిందని ఏ ఇంజనీరుకైనా అర్థమవుతుంది. స్విచ్ ఆపి, కత్తి విడిపించి, ముక్కని మళ్ళీ వైస్‌లో ఎలా ఉందో అలా పెట్టేసి, నేల మీద చూర్ణం ఊడ్చి బయటికి వచ్చేశాను.

పెళ్ళి నుంచి వచ్చి పెదనాన్న మిషన్ ఆన్ చేశారు. స్పిండిల్ తిరగలేదు. "ఏమైందిరా దీనికి?" అన్నారు. "ఏమో పెదనాన్నా, మధ్యాహ్నం కరెంటు వస్తూ పోతూ ఉంది. వోల్టేజీ తేడా అయ్యుంటుంది" అన్నాను. ఎథిక్స్ పేపర్‌కి ఇంటిగ్రిటీ నిర్వచనం రంగు పెన్నుతో గోడకి అంటించుకున్న వాడిని నేను.

ఆయన ఏమీ అనలేదు. మర్నాడు తలకాయ విప్పి, గేరు బయటికి తీసి నా ముందు బల్ల మీద పెట్టారు. మూడు పళ్ళు లేవు. "వోల్టేజీ పళ్ళు కొరుకుతుందిరా?" అన్నారు. కోపంగా కాదు, నవ్వుతూ. అది ఇంకా ఘోరంగా ఉంది. "విరగడం పెద్ద విషయం కాదు. విరిగినట్టు చెప్పకపోతే నేను మోటారు విప్పేవాణ్ణి, బోర్డు విప్పేవాణ్ణి. రెండు రోజులు తప్పు చోట వెతికేవాణ్ణి. అదీ నష్టం."

మూడు దారులు

తర్వాత ఏం చేయాలన్నది ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఆ మాటలు నాకు చాలా మెయిన్స్ ఆన్సర్ల కంటే బాగా గుర్తున్నాయి.

మొదటి దారి: అదే ప్లాస్టిక్ గేరు మళ్ళీ కొనడం. తేలిక, చవక. మిషన్ చేసిన వాళ్ళు ప్లాస్టిక్ పెట్టింది పిసినారితనంతో మాత్రమే కాదని పెదనాన్న అన్నారు. కత్తి ఇరుక్కుంటే ఏదో ఒకటి విరగాలి. ఖరీదైన స్పిండిలో మోటారో పోయే బదులు చవకైన గేరు పోతుంది. పాత ఇళ్ళలో ఫ్యూజ్ తీగ లాంటిది. చిక్కేమిటంటే, కాలిన తీగ మళ్ళీ కట్టేదాకా ఇల్లంతా చీకటే. కొత్త గేరు ఊళ్ళో దొరకదు, తెప్పించుకోవాలి. వచ్చేదాకా మిషన్ బల్ల మీద దిష్టిబొమ్మ.

రెండో దారి: స్టీలు గేర్లు. ఇక విరగవు. నేను దీనికే ఓటేశాను. "సరే, గేరు విరగలేదనుకో. కత్తి ఇరుక్కుంది. మోటారు తోస్తోంది. ఇప్పుడు ఏది విరుగుతుంది?" అని అడిగారు. ఆలోచించాను. కత్తి విరగొచ్చు. కీ తెగొచ్చు. ఏదీ తెగకపోతే మోటారు ఆగిపోయి, కరెంటు ఎక్కువ లాగి, ఫ్యూజ్ పోకపోతే స్పీడు బోర్డే కాలిపోవచ్చు. గట్టిదనం పెంచితే దెబ్బ మాయమైపోదు, పక్కవాడి మీద పడుతుంది. పైగా చప్పుడు ఇంకా పెరుగుతుంది.

మూడో దారి: గేర్లు మొత్తం తీసేసి, మోటారు మీద ఒక పుల్లీ, స్పిండిల్ మీద ఒక పుల్లీ పెట్టి బెల్టు వేయడం. ఇలాంటి చిన్న మిల్లింగ్ మిషన్లు ఉన్నవాళ్ళు చాలా దేశాల్లో చేసుకునే మార్పే ఇది. కత్తి ఇరుక్కుంటే బెల్టు పుల్లీ మీద జారుతుంది, కీచుమంటుంది. మనం స్విచ్ ఆపి, కత్తి విడిపించి, మళ్ళీ ఆన్ చేస్తే పని మొదలు. ఫ్యూజ్ తీగ స్థానంలో ఎంసీబీ పెట్టినట్టు. ట్రిప్ అయితే మళ్ళీ పైకి ఎత్తుకుంటాం, అంతే.

మూడోదే ఖాయం చేశాం.

బెల్టు వేసిన కథ

చేయాలనుకునే వాళ్ళ కోసం ఉన్నదున్నట్టు చెబుతాను. ముందు ప్లగ్గు పీకి పక్కన పెట్టాం. తలకాయ మీద మూత, మోటారు, లోపలి గేర్లు వరసగా విప్పి, ప్రతి స్క్రూనీ గుడ్డ మీద విప్పిన క్రమంలో పేర్చారు పెదనాన్న. స్పిండిల్ పై కొస, మోటారు షాఫ్ట్ వెర్నియర్‌తో కొలిచాం. స్పిండిల్ మధ్యలోంచి పైనుంచి కిందికి ఒక పొడుగు బోల్టు వెళ్తుంది, దాన్ని డ్రాబార్ అంటారు. కత్తిని పైకి లాగి పట్టి ఉంచేది అదే. కాబట్టి స్పిండిల్ పుల్లీ దానికి అడ్డం రాకూడదు.

బెల్టు కోసం రెండు రోజులు తిరిగాం. మామూలు వి బెల్టు చిన్న పుల్లీ చుట్టూ సరిగ్గా వంగదు. సన్నని చారలు ఉన్న రకం కావాలి. వాషింగ్ మెషిన్లలో వచ్చేది అదే రకం కానీ మాకు చాలా పొడుగైపోయింది. చివరికి ట్రెడ్‌మిల్ రిపేర్లు చేసే షాపులో దొరికింది. దాని మీద 190 జె 6 అని ఉంది. పొడవు 19 అంగుళాలు, జె రకం, ఆరు చారలు అని అర్థం. అంటే 483 మిల్లీమీటర్లు. మూడేళ్ళుగా పరిగెడుతూ ఉన్నచోటే ఉన్నవాడికి ట్రెడ్‌మిల్ బెల్టు దొరకడం గురించి నేనేమీ అనను, మీరూ అనకండి.

పుల్లీల లెక్క నాకు అప్పగించారు. రెండు స్పీడులు కావాలి కాబట్టి రెండు మెట్ల పుల్లీలు. తక్కువ స్పీడుకి మోటారు వైపు 30, స్పిండిల్ వైపు 90 మిల్లీమీటర్లు. ఎక్కువ స్పీడుకి 45, 75. రెండు జతల మొత్తం 120 వచ్చింది కదా, బెల్టు రెండింటికీ సరిపోతుందని ధీమాగా కాగితం ఇచ్చేశాను. ఆటోనగర్‌లో ఒక లేత్ షాపులో అల్యూమినియం రౌండ్ బార్ నుంచి పుల్లీలు తిప్పించాం. మోటారు నిలబెట్టడానికి 8 మిల్లీమీటర్ల ప్లేటు కోయించి, బెల్టు బిగించుకునేందుకు బోల్టు రంధ్రాలని పొడుగు గాళ్ళుగా చేయించాం.

తీసుకొచ్చి బిగించాం. తక్కువ స్పీడు మెట్టు మీద బెల్టు చక్కగా కూర్చుంది. పక్క మెట్టుకి మారిస్తే వదులు. బెల్టు పొడవు సూత్రంలో మూడు పదాలు ఉంటాయి: ఇరుసుల మధ్య దూరానికి రెట్టింపు ఒకటి, వ్యాసాల మొత్తం మీద ఆధారపడేది ఒకటి, వ్యాసాల తేడా వర్గం మీద ఆధారపడేది మూడోది. మూడోది చిన్నదని నేను వదిలేశాను. మా ఇరుసుల దూరం 144 మిల్లీమీటర్లు. ఆ దూరంలో మూడో పదం వల్ల వచ్చిన తేడా సుమారు 5 మిల్లీమీటర్లు. 45కి జతగా 78 పెట్టి ఉంటే సరిపోయేది. "ఇప్పుడేం చేద్దాం పెదనాన్నా, మళ్ళీ తిప్పిద్దామా?" అన్నాను. ఆయన ప్లేటు మీద పొడుగు గాళ్ళు చూపించారు. మోటారుని రెండు మిల్లీమీటర్లు పైన వెనక్కి జరిపితే చాలు, బెల్టు బిగిసింది. "నీ లెక్క తప్పుతుందని కాదురా, ఎవరి లెక్కయినా కొంచెం తప్పుతుందని ఆ గాడి పెట్టించాను" అన్నారు.

బిగువు ఎంత ఉండాలన్నది ఇంకో పాఠం. వదులుగా ఉంటే చిన్న కోతకే జారుతుంది, జారి జారి వేడెక్కి బెల్టు నున్నగా అయిపోతుంది. మరీ బిగిస్తే అసలు జారదు. అప్పుడు అది బెల్టు రూపంలో ఉన్న స్టీలు గేరే. పైగా రాత్రీ పగలూ బేరింగుల మీద లాగుడు. బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోవాలి. ఆ కొంచెం ఎంతో ఆయన వేలికి తెలుసు. నాకు నాలుగుసార్లు విప్పి బిగించాక తెలిసింది. చివరగా పుల్లీల మీద రేకుతో మూత చేసి బిగించాం. తిరిగే బెల్టు చొక్కా చేతిని చూసి జాలిపడదు. మూత లేకుండా ఆన్ చేయనివ్వలేదు.

ఆన్ చేస్తే, మొదట మిషన్ తిరగడం లేదనుకున్నాను. అంత నిశ్శబ్దం. కత్తి లోహాన్ని కోసే చప్పుడు మాత్రం వినిపిస్తోంది. పెదనాన్న ఆ ముక్కనే, ఆ గాడినే పెట్టి, "తోయరా, మొన్నటి లాగే తోయి" అన్నారు. భయంభయంగా తప్పు దిశలో తోశాను. కత్తి ఇరుక్కుంది. బెల్టు కీచుమంది. స్విచ్ ఆపాను. కత్తి విడిపించి మళ్ళీ ఆన్ చేస్తే తిరిగింది. ఏమీ విరగలేదు. ఇది ఒక్కసారి చూపించడానికే, మళ్ళీ మళ్ళీ చేయకూడదని కూడా చెప్పారు.

పోగొట్టుకున్నది కూడా చెప్పాలి. పాత తక్కువ స్పీడు గేరులో ఉన్న లాగుడు బెల్టులో లేదు. పెద్ద డ్రిల్లు పెడితే మోటారు మూలుగుతుంది. ఇదివరకు ఒక్కసారిగా వేసే రంధ్రం ఇప్పుడు చిన్న డ్రిల్లుతో మొదలుపెట్టి, మూడు నాలుగు మెట్లలో పెంచుకుంటూ వేయాలి. స్పీడు మార్చాలంటే లివరు తిప్పితే చాలదు, మోటారు వదులు చేసి బెల్టు చేత్తో మార్చాలి. ఏ సంస్కరణకైనా ఖర్చు ఉంటుంది. ఎస్సేలో ఖర్చు రాయని వాడి లాభాలు ఎవరూ నమ్మరు.

దీన్ని పేపర్లోకి తేవడం

ఇక మన సంగతికి వద్దాం. వ్యవస్థల్లో కూడా ఈ మూడు దారులే కనిపిస్తాయి.

2003 నాటి ఎఫ్ఆర్‌బీఎం చట్టం తీసుకోండి. ద్రవ్యలోటుకి లక్ష్యం పెట్టుకున్నాం. యుద్ధం, ప్రకృతి విపత్తు లాంటివి వచ్చినప్పుడు లక్ష్యం పట్టుకుని వేలాడితే దెబ్బ జనం మీద పడుతుంది. 2018 సవరణతో చట్టంలోనే ఒక జారే చోటు పెట్టారు: చెప్పిన కారణాలు ఉంటే జీడీపీలో 0.5 శాతం వరకు లక్ష్యం దాటొచ్చు. 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రభుత్వం దాన్ని వాడుకుంది, 2019-20 లోటు అంచనా 3.3 నుంచి 3.8 శాతానికి మారింది. ఇక్కడ గమనించాల్సింది, కారణాలు ముందే రాసి ఉన్నాయి, కొలత ముందే రాసి ఉంది. బొటనవేలితో నొక్కి చూసిన బిగువు అది. కొలత లేకుండా "అవసరమైతే దాటొచ్చు" అని రాస్తే, అది వదులు బెల్టు.

ద్రవ్యోల్బణం లక్ష్యం ఇంకా మంచి ఉదాహరణ. 2016 సవరణ తర్వాత లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2 శాతం. ఆ అటూ ఇటూ ఉన్నదే మన పొడుగు గాడి. వరసగా మూడు త్రైమాసికాలు దాటితే, ఎందుకు తప్పింది, ఏం చేస్తాం, ఎప్పటికి తిరిగి దారికి వస్తుంది అని రిజర్వ్ బ్యాంకు ప్రభుత్వానికి నివేదిక ఇవ్వాలి. 2022లో ఆ పరిస్థితి వచ్చింది, నివేదిక ఇచ్చింది. జారడానికి చోటు ఉంది, జారితే కీచుమనే బాధ్యత కూడా ఉంది. గేరుకీ బెల్టుకీ అసలు తేడా ఈ రెండోదే. గేరు విరిగే ముందు ఏమీ చెప్పదు. బెల్టు చెబుతుంది.

ఇక ఎదురు వాదం. అన్నిచోట్లా బెల్టు వేయకూడదు. కారు ఇంజన్‌లో వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో నిర్ణయించే బెల్టుకి పళ్ళు ఉంటాయి. అది జారితే వాల్వు, పిస్టన్ ఢీకొనే ప్రమాదం ఉంటుంది. లేత్ మీద మర కోసేటప్పుడు స్పిండిల్‌నీ లీడ్ స్క్రూనీ గేర్లతో కలుపుతారు. మధ్యలో జారితే మర చెడిపోతుంది. రాజ్యాంగంలో కూడా అంతే. 368వ అధికరణం సవరణకి చోటిచ్చింది. కానీ మౌలిక స్వరూపం జోలికి పోకూడదని 1973లో కేశవానంద భారతి తీర్పు చెప్పింది. 1978 నాటి 44వ సవరణ చట్టం తర్వాత అత్యవసర పరిస్థితిలో కూడా 20, 21 అధికరణాల అమలుని ఆపలేరు. ఎక్కడ జారాలి, ఎక్కడ జారకూడదు అని తేల్చడమే డిజైన్. "సరళత్వం మంచిది" అని ముగిస్తే సగం మార్కులే. ఏ చోట, ఎంత, ఎవరికి చెప్పి అన్నది రాస్తే మిగతా సగం.

చెప్పని నిజం

రిజల్ట్ రోజు నేను ఇక్కడ రెండు లైన్లు రాశాను, గుర్తుందా? "కటాఫ్ దగ్గర రెండు మార్కుల్లో పోయింది" అని. మీలో చాలామంది ధైర్యం చెప్పారు. అది అబద్ధం. జీఎస్‌లో నాకు భయం లేదు. నేను పోయింది సీశాట్‌లో. 200కి 33 శాతం, అంటే 66 మార్కులు చాలు. కీ పెట్టి లెక్కేసుకుంటే నాకు 60 కూడా దాటలేదు. ఇంజనీరింగ్ చదివిన వాడిని, లెక్కలు నాకేంటి అని ఒక్క పాత పేపరు కూడా టైము పెట్టుకుని రాయలేదు. అది చెప్పడానికి సిగ్గేసింది. ఇంట్లో కూడా రెండు మార్కులనే చెప్పాను. నాన్న పాపం బంధువులందరికీ అదే చెప్పుకున్నారు. "ఈసారి గ్యారంటీ, రెండు మార్కులేగా" అని.

పెదనాన్న అన్న మాట ఇక్కడ తగిలింది. విరిగినట్టు చెప్పకపోతే అందరూ తప్పు చోట వెతుకుతారు. నాన్న నాకు జీఎస్ టెస్ట్ సిరీస్‌కి మళ్ళీ డబ్బు కట్టబోతున్నారు. మీలో కొందరు నాకు కరెంట్ అఫైర్స్ నోట్సు పంపారు. విరిగిన చోట ఎవరూ చెయ్యి పెట్టలేదు, ఎందుకంటే అది ఎక్కడుందో నేను చెప్పలేదు.

ఆ రాత్రే నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "సీశాట్ అంటే లెక్కలేగా?" అన్నారు. "అవును నాన్నా." "మరి రోజూ చేస్తున్నావా?" "రేపటి నుంచి." "రేపటి నుంచి కాదు" అన్నారు. ఫోన్ పెట్టేశాక పది లెక్కలు చేశాను. నాలుగు తప్పు వచ్చాయి.

ఇంకొకటి మార్చాను. నా పాత టైమ్‌టేబుల్ మీరు చూశారు, చాలామంది కాపీ కూడా చేసుకున్నారు. రోజుకి 14 గంటలు, ప్రతి గంటకీ ఒక పని, ఎక్కడా ఖాళీ లేదు. పళ్ళకి పళ్ళు సరిగ్గా పట్టిన గేరు. జనవరిలో నాలుగు రోజులు జ్వరం వచ్చింది. నాలుగు రోజుల పని ఐదో రోజు మీద పడింది. అది అవదు కాబట్టి ఐదో రోజూ పోయింది. ఆ గిల్టుతో పందొమ్మిది రోజులు పుస్తకం తెరవలేదు. జ్వరం నాలుగు రోజులు, నష్టం ఇరవై మూడు రోజులు. దయచేసి ఆ టైమ్‌టేబుల్ వాడకండి.

ఇప్పుడు వారంలో ఆరు రోజులకే పని రాసుకుంటున్నాను. రోజుకి తొమ్మిది గంటలు. ఆదివారం మధ్యాహ్నం దాకా ఖాళీ. వారంలో జారింది అక్కడికి వెళ్తుంది. జారకపోతే నిద్రపోతాను. వారంలో మూడు రోజులు జారితే మాత్రం శనివారం పెదనాన్నకి చెప్పాలని ఒప్పందం, ఎందుకో కూడా చెప్పాలి. సీశాట్ మాత్రం రోజూ గంట, అది జారడానికి వీల్లేదు. ఆ ఒక్కటి పళ్ళున్న బెల్టు.

ఇది రాస్తుంటే రాత్రి తొమ్మిదిన్నర. కిటికీ అవతల షెడ్డులో లైటు వెలుగుతోంది. పెదనాన్న ఇంజను చక్రానికి చువ్వలు చెక్కుతున్నారు. చప్పుడు లేదు కాబట్టి ఇప్పుడు ఆయన నా కోసం ఆపక్కర్లేదు, నేను ఆయన కోసం తలుపు వేసుకోనక్కర్లేదు. ఇద్దరం ఒకే వేళలో పని చేసుకోగలుగుతున్నాం. ఇప్పుడే ఒకసారి బెల్టు కీచుమంది. స్విచ్ ఆపిన చప్పుడు వినిపించింది. మళ్ళీ ఆన్ చేశారు.

వచ్చే ఆదివారానికి మీ పని: ఇదే టాపిక్ మీద వెయ్యి పదాల ఎస్సే. వెదురు బొంగు వద్దు. మీ ఇంట్లోనో మీ ఊళ్ళోనో విరిగినదాన్ని ఒకటి తీసుకోండి. అది ఎక్కడ విరిగిందో మొదటి పేరాలోనే చెప్పండి. ఎస్సే మొదలుపెట్టే ముందు మీ టైమ్‌టేబుల్ ఒకసారి బయటికి తీసి, జ్వరం వస్తే ఏ రోజు జారుతుందో వేలు పెట్టి చూపించుకోండి. చూపించలేకపోతే, ముందు ఆ పని చూడండి. ఎస్సే తర్వాత రాయొచ్చు.